ఆజూర్ నెలలో నేను మింగిన ఏడాది

కొత్తగా నల్లకోటు తొడుక్కున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కూర్చోబెట్టి చాయ్ ఇస్తాను. చాయ్ అయ్యేదాకా ఓపిక పట్టి, తర్వాత అందరూ ఒకటే అడుగుతారు, మీరు గెలిచిన పెద్ద కేసు ఏది సార్ అని. గెలిచిన కేసుల కథలు కోర్టు వరండాలో ఊరికే దొరుకుతాయి. వాటికోసం మా ఇంటిదాకా రానక్కరలేదు. నేను భయపడిన కేసు చెప్తాను. సగం మంది మధ్యలోనే లేచిపోతారు. మిగిలిన సగం కోసం ఇది రాస్తున్నాను.

ముందే ఒప్పుకుంటాను, నేను పిరికివాణ్ణి. మా ఆవిడ ఈ సంగతి పెళ్లయిన నెలకే కనిపెట్టింది. జడ్జి గొంతు కొంచెం పెంచితే నా చేతిలో కాయితాలు వణికేవి. వకీలుకు ధైర్యం ఉండాలంటారు. ఉంటే మంచిదే. నాకు లేదు, అయినా ముప్పై ఏళ్లకు పైగా ఈ పని చేశాను. భయపడటం తప్పని నేను అనను. దేనికి భయపడాలో తెలియకపోవడం తప్పు. అది నాకు ఒక పొద్దులో తెలిసింది.

ఖాద్రీ సాహెబ్ లెక్క

1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగి నిజాం రాజ్యం పోయిన రెండు మూడేళ్లకు నేను కరీంనగర్‌లో ఖాద్రీ సాహెబ్ అనే పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గా చేరాను. నిజాం కాలపు కాయితాలన్నీ ఉర్దూలో ఉండేవి. తేదీలన్నీ ఫస్లీలో, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్కలో, ఉండేవి. వాటిని చదివి, తర్జుమా చేసి, తేదీని ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చి, సరైన తర్జుమా అని కింద ప్రమాణం రాసి సంతకం చేయడం నాకు అప్పజెప్పిన మొదటి పని.

ఫస్లీ ఏడాది జనవరిలో మొదలు కాదు. అక్టోబరులో, ఆజూర్ అనే నెలతో మొదలవుతుంది. ఫస్లీ అంకెకు ఐదువందల తొంభై ఒకటి కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. కానీ ఏడాది మొదటి నెలలైన ఆజూర్, దై, బహమన్‌లో డిసెంబరు చివరిదాకా పడే రోజులకు ఐదువందల తొంభై మాత్రమే కలపాలి. అక్కడ కూడా తొంభై ఒకటి కలిపామా, ఒక ఏడాది మాయమైపోతుంది. ఇంతే లెక్క. పలక పట్టిన పిల్లవాడు కూడా చేయగలడు.

ఖాద్రీ సాహెబ్ పొద్దున్నే నా చేత పన్నెండు నెలల పేర్లు ఎక్కంలాగా చెప్పించేవారు. "ముందు మహీనా చూడు బేటా. సాల్ ఏడికి ఉరకదు," అనేవారు. మహీనా అంటే నెల, సాల్ అంటే ఏడాది. ఒకసారి నేను ఎవరిదో నౌకరీ కాయితంలో ఏడాది తప్పు వేశాను. ఆయన తిట్టలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "నీకు గది ఒక అంకె. గా మనిషికి ఒక సాల్. ఒక సాల్‌ల మనిషి పుడుతడు, ఒక సాల్‌ల చస్తడు. యాదుంచుకో," అన్నారు.

యాదుంచుకోలేదు. ఆయన పోయాక, రాష్ట్రం మారాక, కోర్టుల్లో ఇంగ్లీషు వచ్చింది. కోస్తా వైపు నుంచి అధికారులు వచ్చారు. పాత ఉర్దూ చదివేవాళ్లు తగ్గిపోయి, నాకు తర్జుమా వకీలని పేరొచ్చింది. వచ్చేవన్నీ చాలావరకు భూమి కాయితాలు. ఏడాది అటూ ఇటూ అయినా భూమి ఎక్కడికీ నడిచిపోదు. ఆ అలవాటుతో నేను ముందు నెల చూడటం మానేశాను. అంకె కనబడగానే తొంభై ఒకటి కలిపేసి, నెల పేరు తర్వాత విడిగా ఇంగ్లీషులోకి మార్చేవాణ్ణి. చేయి తిరిగిన పనిలో కన్ను నిద్రపోతుందని మా వంటావిడ అనేది. వంట గురించే అన్నది పాపం.

పదిహేనేళ్లు

పెద్ద చదువుల సీట్ల గొడవలు మా దగ్గరికి రావడం ఆ తర్వాత మొదలైంది. యూనివర్సిటీలో ఎం.ఏ., ఎం.ఎస్సీ. సీట్లలో మన ప్రాంతం వాళ్లకు కొన్ని కేటాయించారు. బయటినుంచి వచ్చిన కుటుంబమైతే, దరఖాస్తు ఆఖరు తేదీ నాటికి ఇక్కడ పదిహేనేళ్లు నివాసం ఉండి ఉండాలి. తహసీలు నుంచి సర్టిఫికెట్ తేవాలి. ఆ రూలు మంచిదా చెడ్డదా అని నన్ను అడిగితే, మంచిదే అంటాను. మన పిల్లలకు అన్యాయం జరిగిన మాట నిజం, దానికోసం పెట్టిన రూలది. కానీ రూలు రాసిన చేతికీ రూలు తగిలే మనిషికీ మధ్య మాలాంటి వాళ్లం ఉంటాం. అక్కడ జరిగేది రూలులో రాయరు.

జూన్, జూలై వచ్చిందంటే నాకు గుండెదడ. యూనివర్సిటీ ఉత్తరాలు చేత్తో పట్టుకుని పిల్లలు వచ్చేవారు. ప్రతి ఉత్తరంలోనూ ఒక ఆఖరు తేదీ ఉండేది.

అలా ఒక ఏడు హుజూరాబాద్ నుంచి నరహరి అనే అబ్బాయి వచ్చాడు. మగ్గం నేసే కుటుంబం. వాళ్ల బాపు బతుకుదెరువుకు షోలాపూర్ మిల్లులకు పోయి, నరహరి అక్కడే పుట్టాక తిరిగి వచ్చాడు. బయట పుట్టాడు కాబట్టి పదిహేనేళ్ల రూలు అతనికీ తగిలింది. తిరిగొచ్చిన నాటి పాత ఉర్దూ కాయితం ఒకటి తెచ్చాడు. నేను దానికి నకలు రాసుకుని, అంకె చూసి, లెక్క కట్టి, పదిహేనేళ్లకు కొన్ని నెలలు తక్కువ పడ్డాయి, ఖానూన్ ఇంతే, ఏం చేద్దాం నాయనా అన్నాను. అతను కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వంగి దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం నేను భోంచేసి హాయిగా పడుకున్నాను. ఇది ఎందుకు రాశానో చివర్లో తెలుస్తుంది.

బెల్లంపల్లి నుంచి ఇద్దరు

ఆ తర్వాత రెండేళ్లకు, ఒక జూలైలో, బెల్లంపల్లి నుంచి తల్లీకూతుళ్లు వచ్చారు. కూతురు సుశీల. బి.ఎస్సీ. మొదటి తరగతిలో పాసయింది. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీలో సీటు వచ్చింది. తండ్రి బొగ్గుబావిలో పనిచేసి, దమ్ము పట్టి, మాట్లాడితే దగ్గు ఆగని స్థితిలో మంచాన ఉన్నాడు. తల్లి చంద్రాబాయి, నది అవతల చాందా వైపు మనిషి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గడప పక్కన నేల మీద కూర్చుంది.

చాందా పాత హైదరాబాద్ రాజ్యంలోది కాదు కాబట్టి పదిహేనేళ్ల లెక్క వాళ్లకు పడింది. తండ్రి కంపెనీలో పనికి చేరిన తేదీయే వాళ్లు వచ్చిన తేదీ. కంపెనీ రిజిస్టర్ నకలు ఉర్దూలో ఉంది. దాన్ని తర్జుమా చేసింది నేనే. రెండు నెలల కింద ఎవరో పది నకళ్లు కట్టగట్టి తెస్తే, ఒక పొద్దున కూర్చుని అన్నీ చేసి సంతకం పెట్టి పంపాను. దాన్ని చూసి తహసీలు వాళ్లు మూడు నెలలు తక్కువని రాసి, సర్టిఫికెట్ ఇచ్చేది లేదన్నారు. ఆరు రోజుల్లో సర్టిఫికెట్ చూపకపోతే సీటు తర్వాతి వాళ్లకు పోతుందని యూనివర్సిటీ ఉత్తరం.

"సార్, మూడు నెలలకు నా సీటు పోతదా?" అంది సుశీల. గొంతు గట్టిగానే ఉంది.

చంద్రాబాయి గడప దగ్గరి నుంచి, "వకీల్ సాబ్, మేము వచ్చిన నాడు..." అని ఏదో మొదలుపెట్టింది.

"కాయితం ఉంది కదా అవ్వా. నువ్వు ఫికర్ చేయకు," అన్నాను.

ఆమె నోరు మూసుకుంది. నేను ఆ ఒక్క నిమిషం ఆగి విని ఉంటే ఈ కథే లేదు.

నాకు అప్పటికే ఒక గొప్ప ఆలోచన తట్టింది. రూలులో పదిహేనేళ్లు నివాసం అని ఉంది. పదిహేనేళ్లు నిండాలి అని లేదు. మన ఇళ్లలో పిల్లల వయసు ఎలా చెప్తాం? పదిహేనో ఏడు నడుస్తోంది అంటాం. నడుస్తున్న ఏడూ ఏడే. ఈ వాదన తోచగానే నాకు నేనే భుజం తట్టుకున్నాను. తహసీలు మీద మున్సిఫ్ కోర్టులో దావా వేసి, అత్యవసరమని చెప్పి, నాలుగో రోజుకే విచారణకు పెట్టించాను. తల్లిని సాక్షిగా పిలిచాను. వచ్చి అడిగిన దానికి అవును అంటే చాలనుకున్నాను.

సాక్షి

ఆ రోజు తొలి బస్సుకు పెద్దపల్లి పోయి, అక్కడ రైలెక్కాను. గోదావరి వంతెన మీద రైలు నెమ్మదించినప్పుడు, కింద నీళ్లు ఎర్రగా సుడులు తిరుగుతుంటే నేను కళ్లు మూసుకుని వాదన వల్లించుకున్నాను. నడుస్తున్న ఏడూ ఏడే. మంచిర్యాలలో తల్లీకూతుళ్లు కలిశారు. ముగ్గురం బస్సులో కోర్టుకు చేరాం. దారంతా చంద్రాబాయి ఒక్కటే అడిగింది, జడ్జి ముందు చెప్పులు విడవాల్నా అని.

మున్సిఫ్ కోస్తా మనిషి, కొత్తగా వచ్చాడు. మర్యాదస్తుడు, కానీ గడియారం చూసుకునే అలవాటు. నా వాదన మొదటి పది నిమిషాలు విని, "ఇంటరెస్టింగ్‌గా ఉందండీ ప్లీడరు గారూ," అన్నాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తర్వాత చంద్రాబాయి బోనెక్కింది. ప్రమాణం చేసింది. మీరు బెల్లంపల్లికి ఎప్పుడొచ్చిన్రు అని అడిగాను.

"దసరా ముంగట వచ్చినం సారు. మల్ల దసరా ఇంక రాకముందే పోలీస్ యాక్షన్ అయింది. మిలిటరీ బండ్లు వచ్చిననాడు మేము కంపెనీ కోటర్లనే ఉన్నం. తలుపులు ఏసుకొని లోపల కూసున్నం. నా చిన్న పోరడు కడుపుల ఉండె."

ప్రభుత్వ ప్లీడరు యువకుడు, చురుకైనవాడు. ఒక్క అంగలో లేచాడు. "అమ్మా, మీరే పెట్టిన కాగితం ప్రకారం మీ ఆయన పనిలో చేరింది పోలీస్ యాక్షన్ అయ్యాక. మీరు రాకముందు జరిగింది మీరెలా చూశారు?"

"చూసిన సారు."

"ఈ మాట ఎవరు నేర్పారు?"

ఆమె నా వైపు చూసింది. నేర్పినందుకు కాదు, కాపాడమని. కోర్టులో అందరికీ అది వేరేలా కనిపించింది. మున్సిఫ్ కలం కింద పెట్టి, "అమ్మా, ప్రమాణం చేసి అబద్ధం చెప్తే జైలు శిక్ష ఉంటుంది. తెలుసా?" అన్నాడు.

బోను కట్టెను పట్టుకున్న ఆమె చేతుల గాజులు చప్పుడు చేశాయి. అంతసేపు వణికే హక్కు నాదేననుకున్నాను. నేను లేచాను. నా సాక్షిని కాపాడాలని లేవలేదు. నా వాదన చెడిపోతోందని లేచాను. ఆ రోజు నేనన్న మాట రికార్డులో ఉంది. "సాక్షి చదువురాని మనిషి. ఆమె జ్ఞాపకం నమ్మదగింది కాదు. మేము కాయితం మీదే ఆధారపడతాం."

మున్సిఫ్ రాసుకున్నాడు. భోజనాల తర్వాత కలుద్దామని లేచాడు.

ఆజూర్

టైపిస్టుల రేకుల షెడ్డు కింద జొన్నరొట్టె ముందు పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం ప్రభుత్వ ప్లీడరు ఏమంటాడో చూసుకుందామని కంపెనీ నకలు తీశాను. నా తర్జుమా కాదు, అసలు ఉర్దూది. అంకె చూశాను. 1357. తొంభై ఒకటి కలిపితే 1948. సరే. దాని పక్కన నెల చూశాను.

ఆజూర్ అని ఉంది.

వేళ్ల మీద లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. ఆజూర్ అంటే అక్టోబరు. తొంభై మాత్రమే కలపాలి. 1947 అక్టోబరు. దసరా ముంగట. పోలీస్ యాక్షన్ కంటే ముందు. ఆ తల్లి చెప్పిందంతా నిజం. పదిహేనేళ్లు ఎప్పుడో నిండాయి, పైగా తొమ్మిది నెలలు. మూడు నెలల లోటు తహసీలు తేలేదు, రూలు తేలేదు. నేను తెచ్చాను. నేను తెచ్చిన లోటును పూడ్చడానికి నేనే గొప్ప వాదన కనిపెట్టి, నాకు నేనే భుజం తట్టుకున్నాను.

మొదట వచ్చింది సిగ్గు కాదు. భయం. తప్పు తర్జుమా మీద ప్రమాణం చేశాను. ఇది పైకి తెలిస్తే నా సనదు, అంటే వకీలుగా పనిచేసే హక్కు, ఉంటుందా? ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఆ వెంటనే ఇంకో భయం తోసుకుని వచ్చింది. పదేళ్లుగా లెక్క కట్టిన ఉర్దూ కాయితాల నకళ్లన్నీ ఇంట్లో ఇనుప పెట్టెలో ఉన్నాయి. వాటిలో ఎన్ని ఆజూర్‌లు ఉన్నాయో, ఎన్ని దై నెలలు ఉన్నాయో నాకు తెలియదు.

చెప్పకపోతే? ఆ కోర్టులో పాత ఉర్దూ చదివేది నేనొక్కణ్ణే అనుకున్నాను. మున్సిఫ్‌కు నా వాదన నచ్చింది. నడుస్తున్న ఏడు మీద గెలిస్తే గెలవొచ్చు. అమ్మాయి సీటు అమ్మాయికి, నా పరువు నాకు. పిరికివాడి బుర్ర ఇలాంటి లెక్కలు బహు వేగంగా చేస్తుంది. ఆ లెక్కలో నెల కూడా తప్పదు.

షెడ్డు అవతలి గోడ నీడన తల్లీకూతుళ్లు కూర్చున్నారు. సద్దిమూట విప్పలేదు. సుశీల గొంతు తగ్గించి మాట్లాడుతోంది కానీ నాకు వినబడుతోంది.

"అవ్వా, జర మంచిగ యాదికి తెచ్చుకో. తమ్ముడు అప్పుడు నిజంగ కడుపుల ఉండెనా? కాయితంల గట్ల లేదు గద."

చంద్రాబాయి కొంగుతో మొహం తుడుచుకుని అంది. "ఏమో బిడ్డా. నా యాదే తప్పేమో. పెద్దోళ్లు అంటున్నరు గద."

మిలిటరీ బండ్ల చప్పుడు వింటూ, తలుపు వేసుకుని, కడుపు మీద చేయి పెట్టుకుని కూర్చున్న మనిషి. ఆ రోజును ఆమె దగ్గరి నుంచి నేను గుంజుకున్నాను. కూతురు కూడా ఆమెను నమ్మడం మానేసింది. రొట్టె డబ్బాలో పెట్టేశాను.

మధ్యాహ్నం

మున్సిఫ్ వచ్చి కూర్చోగానే లేచాను. కాయితాలు బల్ల మీద పెట్టి చేతులు వెనక్కు కట్టుకున్నాను.

"సర్, పొద్దున నేనొక తప్పు మాట చెప్పాను. దానికంటే ముందు ఇంకో తప్పు చేసి, దాని మీద ప్రమాణం కూడా చేశాను. సాక్షి చెప్పింది నిజం. తర్జుమాలో ఏడాది తప్పు. ఆ తర్జుమా నాది."

ఫస్లీ లెక్క చెప్పాను. ప్రభుత్వ ప్లీడరు నవ్వుతూ లేచాడు.

"బాగానే ఉందండి. మూడు నెలలు తక్కువైన చోట ప్లీడరు గారికి ఏకంగా ఏడాది దొరికింది."

కోర్టు హాలంతా నవ్వింది. మున్సిఫ్ నవ్వలేదు. "పొద్దున ఒక మాట, మధ్యాహ్నం ఒక మాట చెప్తున్నారు. ఏది నమ్మమంటారు?" అన్నాడు.

"నన్ను నమ్మకండి సర్. అసలు కాయితం చూడండి."

ఆయన నకలు చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఉర్దూ రాదు. ఆయన బల్ల కింద కూర్చుని కాయితాలు అందించే పేష్కార్ ముసలాయన, నిజాం కాలం మనిషి. నేను అతన్ని ఆ రోజంతా లెక్కలోకే తీసుకోలేదు. మున్సిఫ్ కాయితం అతనికిచ్చాడు.

"ఆజూర్ అనే ఉన్నది హుజూర్," అన్నాడు పేష్కార్. "బీరువల పాత జంత్రి ఉండాలె. తెస్త."

జంత్రి అంటే ఫస్లీ, ఇంగ్లీషు తేదీలు పక్కపక్కన అచ్చేసిన పాత పంచాంగం. అతను బీరువా అడుగున వెతుకుతుంటే ఎంతసేపైందో చెప్పలేను. చెదలు తిన్నాయేమోనని ఒక భయం, ఆ ఏడుది దొరకదేమోనని ఇంకో భయం. అతను దుమ్ము దులిపి, పుటలు తిప్పి, వేలు ఒక వరుస మీద ఆపి చదివాడు. "అక్టోబర్, హుజూర్. పోలీస్ యాక్షన్ కన్న పదకొండు నెలలు ముంగట."

ప్రభుత్వ ప్లీడరు, పార్టీ తన సొంత తర్జుమాకు కట్టుబడి ఉండాలి అన్నాడు. మున్సిఫ్ తల అడ్డంగా ఊపాడు. "తర్జుమా ప్లీడరు గారిది. కాగితం కంపెనీది. కాగితం ఎప్పుడూ తప్పు చెప్పలేదు." తర్వాత బోను పక్కన నిలబడ్డ చంద్రాబాయి వైపు తిరిగాడు. "అమ్మా, మీరు చెప్పింది నిజమే."

ఆమెకు అర్థం కాలేదు. కూతురి మొహం చూసింది. సుశీల ఏడుస్తుంటే, ఓడిపోయామనుకుని ఆమె కూడా ఏడ్చింది.

సాయంత్రానికి సర్టిఫికెట్ ఇవ్వమని హుకుం వచ్చింది. కాయితాలు సర్దుకుంటుంటే మున్సిఫ్ కళ్లెత్తకుండానే అన్నాడు, "మీ సంగతి తర్వాత ఆలోచిస్తాను."

పెట్టె

సుశీల మర్నాడు సర్టిఫికెట్ తీసుకుని, ఆఖరు రోజున యూనివర్సిటీలో చూపించింది. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మూడో రోజు తంతి వచ్చింది, సీటు దొరికిందని. మా ఆవిడ పాయసం చేస్తానంది. వద్దన్నాను.

ఆ ఆదివారం ఇనుప పెట్టె తెరిచాను. ఒక్కొక్క నకలు తీసి, ఖాద్రీ సాహెబ్ చెప్పినట్టు ముందు నెల చూశాను. చాలావరకు భూమివి, ఎవరికీ నష్టం లేనివి. సాయంత్రానికి అడుగున ఒకటి దొరికింది. హుజూరాబాద్ నరహరిది. దై నెల.

నాలుగు రోజులు ఆగి, హుజూరాబాద్ బస్సెక్కాను. ఎం.ఏ. సీటుకు అర్హుడైన ఆ మనిషి మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. నన్ను చూడగానే లేచి వచ్చాడు. భార్యను పిలిచి మంచినీళ్లు ఇప్పించాడు. "మీరు అప్పుడు సాఫ్‌గ చెప్పిన్రు సార్. లేకుంటె హైదరాబాద్ సుట్టు తిరుగుకుంట ఇంకో ఏడాది ఖరాబ్ చేసుకుంటుంటి," అన్నాడు. నేను నీళ్లు తాగాను. చుట్టం ఒకరి ఇంటికి వచ్చానని అబద్ధం చెప్పాను. తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాను. కోర్టు నిండా మనుషులుంటే చెప్పగలిగిన వాణ్ణి, నీళ్లిచ్చిన ఒక్క మనిషికి చెప్పలేకపోయాను.

దసరా వెళ్లాక ఒకరోజు చంద్రాబాయి ఒక్కతే మా ఇంటికి వచ్చింది. ఈసారి కూడా గడప దగ్గరే కూర్చుంది. బిడ్డ హాస్టల్‌లో బాగుందని చెప్పింది. ఆ తర్వాత కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ అంది.

"వకీల్ సాబ్, గా దినం నా యాది నమ్మేటట్టు లేదని అన్నరు గద. గది కాయితంల రాసిన్రంట. మా కోటర్లళ్ల నవ్వుతున్నరు, చంద్రాబాయి కోర్టుల మతిలేనిదని రాయించుకున్నదని. గా ఒక్క మాట కొట్టేయించుండ్రి."

కోర్టు రికార్డులో మాట కొట్టేయడం ఉండదు. ఆ సంగతి ఆమెకు చెప్పాను. ఆమె తల ఊపింది, కానీ లేవలేదు. మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని మళ్లీ గోదావరి దాటాను. సాక్షి జ్ఞాపకం సరైనదనీ, తప్పు జ్ఞాపకం నాదేననీ, ఆమె మీద అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాననీ ఒక మెమో రాసి, నా సంతకంతో మున్సిఫ్ ముందు పెట్టాను. ఇది ఎవరైనా పైకి పంపితే నా సనదు పోవడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. ఆయన రెండుసార్లు చదివాడు. "రికార్డులో కొట్టివేతలు ఉండవు. పక్కన ఇంకో కాగితం ఉండొచ్చు," అని ఫైల్లో కుట్టమని పేష్కార్‌కు ఇచ్చాడు.

వరండాలో దాన్ని తెలుగులో చదివి వినిపించాను. చంద్రాబాయి ఒక్కటే అడిగింది. "గా కాయితం ఉన్నన్ని దినాలు గీ కాయితం దాని పక్కకే ఉంటదా?"

"ఉంటది అవ్వా."

"అయితె సాలు," అని చెప్పులు తొడుక్కుంది.

ఆ తర్వాత ఏడాదిపాటు పోస్టుమాన్ సైకిల్ గంట వినబడితే నేను పెరట్లోకి వెళ్లిపోయేవాణ్ణి. పైనుంచి ఏ ఉత్తరమూ రాలేదు. ఎందుకు రాలేదో అడిగే ధైర్యం నాకు లేదు.

పిల్లలకు నేను చెప్పేది ఇంతే. మీ సాక్షీ మీ కాయితమూ వేర్వేరు మాటలు చెప్తే, ముందు మీ కాయితాన్ని అనుమానించండి. దాన్ని రాసింది మీలాంటి వాడే. జడ్జికి భయపడండి, పరవాలేదు. అంతకంటే ఎక్కువగా మీ చేతి అలవాటుకు భయపడండి.

హుజూరాబాద్ ఫైలు మాత్రం ఇన్నేళ్లూ పెట్టెలో ఒంటరిగానే ఉంది. దాని పక్కన పెట్టాల్సిన కాయితం ఇదే.

నరహరీ, నువ్వు మీ బాపు వెంట షోలాపూర్ నుంచి వచ్చింది దై నెలలో. నా దగ్గరికి వచ్చిన రోజుకే నీకు పదిహేనేళ్లు నిండి ఉన్నాయి.